దేవదారు పరుపు

హుస్సేన్ పీరా ముక్కు మామూలు ముక్కు కాదు. ఇరవై ఏళ్లు కడపలో అత్తరు అమ్మిన ముక్కు. దుకాణం తమ్ముడికి వదిలేసి, లంకమల అడవి అంచున ఉన్న నూరుల్లా బాబా అనే ఫకీరు ఉండే తకియాకు వచ్చి శిష్యుడిగా చేరాడు గానీ, మనిషి ఫకీరయినా ముక్కు మాత్రం కాలేదు.

బాబా దగ్గర దెబ్బతిన్న పాములు ఉండేవి. నాగలి తగిలిందని, బండి కింద పడిందని ఎవరు తెచ్చినా కాదనేవాడు కాదు. నయమయ్యాక అడవిలో వదిలేసేవాడు. అవి పడుకోవడానికి పరుపు సిద్ధం చేయడం హుస్సేన్ పీరా సేవ. వినడానికి తేలికే. కొబ్బరి పొట్టును కాచిన నీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, ఎండలో ఆరబోయాలి. తడి ఎక్కువైతే పాము పొట్ట కింద పొక్కులు లేస్తాయి. ఇసుక పోస్తే మేతతోపాటు కడుపులోకి పోతుంది. అంతా అయ్యాక బాబా ఆ పొట్టు మీద చెంప ఆనించి బోర్లా పడుకునేవాడు. చాలాసేపు కదిలేవాడు కాదు. తర్వాత లేచి "సరే" అనేవాడు, లేదంటే ఏమీ అనకుండా మొత్తం ఎత్తి బయట పారబోసేవాడు.

"బాబా, ఈ పొట్టుకు ఒక వాసనా లేదు, పాడూ లేదు. నోరులేని జీవం, మంచి వాసన మధ్య ఉంటే దానికీ హాయి కదా" అన్నాడు ఒకసారి హుస్సేన్ పీరా.

బాబా నవ్వాడు.

ఆ ఏడు ఎండలు ముదిరాక కట్టెలు కొట్టేవాళ్లు గొడ్డలి దెబ్బ తగిలిన కొండచిలువను మోసుకొచ్చారు. దాన్ని వెనక ఉన్న మట్టి గదిలో ఉంచారు. గాయం మానుతుండగా బాబా తన గురువుగారి ఉరుసుకు బయలుదేరాడు. పది రోజుల ప్రయాణం. "పరుపు జాగ్రత్త పీరా" అన్నది ఒక్కటే మాట.

హుస్సేన్ పీరాకు ఇంతకన్నా మంచి అదను దొరుకుతుందా? తమ్ముడికి కబురు పెట్టి రెండు బస్తాల ఘమఘమలాడే దేవదారు చెక్క పొట్టు తెప్పించాడు. అత్తరు సీసాలు పగలకుండా మధ్యలో సర్దే పొట్టు అది. గదిలో జానెడు ఎత్తున పరిచాడు. వాసన బయటికి పోకుండా పైనున్న గవాక్షంలో గుడ్డలు కుక్కాడు. చెంప ఆనించి పడుకోలేదు. గుమ్మంలో నిలబడే గుండెల నిండా పీల్చి, తన పనికి తానే మురిసిపోయాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం, నమాజు ముగించి తస్బీ పూసలు తిప్పుతూ ఉంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"హూ..."

ఎవరూ లేరు. చెట్ల ఆకులు కూడా కదలడం లేదు. కాసేపటికి మళ్లీ, దీర్ఘంగా, "హూ..."

హుస్సేన్ పీరా లేచాడు. వెళ్లి తలుపు సందులోంచి చూశాడు. కొండచిలువ తల పైకెత్తి, గోడకు ఆనించి, నోరు కొద్దిగా తెరిచి ఉంది. ఆ శబ్దం దాని నోట్లోంచే వస్తోంది. ఫకీర్లు దేవుణ్ని తలుచుకుంటూ చేసే జిక్ర్‌లో కూడా ఆ మాటే. హుస్సేన్ పీరా అక్కడే మోకాళ్ల మీద కూలబడి ఏడ్చేశాడు. తన సేవ ఫలించింది!

మజ్జిగ తెచ్చే ఓబుళమ్మ విన్నది. "సాయిబన్నా, పాము జపం చేస్తాండాదే!" అంటూ ఊళ్లోకి పరుగెత్తింది. మర్నాడు పదిమంది వచ్చారు, ఆ మర్నాడు యాభై మంది. అరుగు మీద కూర్చుని, పాము "హూ" అన్నప్పుడల్లా వాళ్లూ "హూ" అన్నారు. కోడిని పెడితే పాము ముట్టలేదు. ఉపవాసం అన్నారు. నోటి దగ్గర నురగ కనిపించింది. పరవశం అన్నారు. రోజురోజుకూ ఆ శబ్దం వడివడిగా రాసాగింది. భక్తి ముదిరిందని దండాలు పెట్టారు.

పదో రోజు సాయంత్రం బాబా తిరిగొచ్చాడు. జనం దారి ఇచ్చారు. హుస్సేన్ పీరా ఎదురు పరుగెత్తాడు.

"బాబా! వింటున్నారా?"

బాబా విన్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. గదిలోకి పోయి, శిష్యుడి చేత సాయం పట్టించి, పామును మెల్లగా ఎత్తి అరుగు మీద గాలికి పడుకోబెట్టాడు.

హుస్సేన్ పీరా అక్కడే నిలదీశాడు. "జిక్ర్ మధ్యలో లేపేశారే బాబా! నా సేవలో ఏం తక్కువైంది?"

బాబా తిరిగి గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాడు.

జనం కూర్చున్నారు. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత గదిలోంచి వచ్చింది.

"హూ..."

"పెద్దాయన గూడా మొదలుపెట్నాడు!" అంది ఓబుళమ్మ చేతులు జోడించి.

అదే గొంతు, అదే సాగదీత. అరుగు మీద పాము "హూ" అనేది, లోపల మనిషి "హూ" అనేవాడు. కళ్లు మూసుకుంటే ఏది ఎవరిదో తెలియదు. జనం అందుకున్నారు. హుస్సేన్ పీరా కూడా కళ్లు మూసుకుని గొంతు కలిపాడు.

కానీ బాబా గొంతు వెనక ఇంకేదో ఉంది. హుక్కాలో నీళ్లు కదిలినట్టు సన్నని గురగుర. శబ్దానికీ శబ్దానికీ మధ్య ఎడం తగ్గుతోంది. హుస్సేన్ పీరా నోట్లో "హూ" సగంలో ఆగిపోయింది. లేచి తలుపు బాదాడు.

"బాబా! తలుపు తీయండి!"

"ఉండు సాయిబన్నా, గమ్మునుండు. పెద్దాయన్ని కదిలీవాకు" అంటూ జనం అతని చేతులు పట్టుకున్నారు. అందరి ముఖాల్లోనూ ఆనందమే. అది చూసి హుస్సేన్ పీరాకు భయమేసింది. ఇందాకటిదాకా తన ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

విదిలించుకుని భుజంతో తలుపు పగలగొట్టాడు. బాబా దేవదారు పొట్టులో చెంప ఆనించి, నోరు తెరుచుకుని పడి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. రెండు చంకల కింద చేతులు వేసి బయటికి లాక్కొచ్చాడు.

వేడినీళ్లు తాగి, వీపు నిమిరించుకుని, బాబా తేరుకోవడానికి గంట పట్టింది.

"తలుపు ఎందుకు పగలగొట్టినావు నాయనా?"

"మీకు ఊపిరాడడం లేదు బాబా."

"జిక్ర్ చేస్తాంటినేమో!"

హుస్సేన్ పీరా అరుగు వైపు తిరిగాడు. అరుగు మీద పాము "హూ" అంది. ఈసారి ఎవ్వరూ బదులు పలకలేదు.

ఆ రాత్రే అతను ఊపిరాడనివ్వని ఆ ఘాటు పొట్టంతా ఎత్తి దూరంగా గుంటలో పూడ్చాడు. గవాక్షంలో గుడ్డలు పీకేశాడు. గది కడిగి ఆరబెట్టి, రెండు రోజులు కష్టపడి కొబ్బరి పొట్టు సిద్ధం చేసి పరిచాడు. దాని మీద చెంప ఆనించి, తనకే విసుగు పుట్టేదాకా పడుకున్నాడు. తర్వాతే పామును లోపలికి చేర్చాడు. రాత్రీ పగలూ ఆ శబ్దం వింటూ గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. విన్న ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోయాడు.

పాము లోపలికి చేరిన పన్నెండో రోజు పొద్దున శబ్దం ఆగిపోయింది. అతను గుమ్మం దాటకుండా బాబా వైపు చూశాడు. బాబా తల ఊపాక వెళ్లాడు. చాలాసేపటికి బయటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

ఓబుళమ్మ మజ్జిగ ముంతతో వచ్చి చెవి ఒగ్గి వింది.

"ఏంది సాయిబన్నా, పాము హూ అనడంల్యా?"

"లేదమ్మా."

"మరేం చేస్తాండాది?"

"ఊపిరి తీసుకుంటాంది" అన్నాడు హుస్సేన్ పీరా.