కొమ్మకు పెట్టిన బొట్టు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక వాగు. వాగుకి ఇవతల ఒక మద్దిచెట్టు, దాని పక్కనే ఒక ఇప్పచెట్టు. మద్దిచెట్టు మీద కొండముచ్చుల గుంపు ఉండేది. ఇప్పచెట్టు మీద ఒక్కటే ఒక ముసలి కొండముచ్చు ఉండేది. దాన్ని అందరూ ఇప్పవ్వ అనేవారు.

ఇప్పవ్వ వేరే ఎందుకుండేదంటే, దానికి పద్ధతి అంటే పద్ధతే. పండు తింటే గింజ కిందవాళ్ల నెత్తిన పడకూడదు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే తోక ఊపకూడదు. పెద్దవాళ్లు కునుకు తీస్తుంటే లేపకూడదు. గుంపులో పిల్లలు ఇవేవీ వినరాయె. అందుకని, "మీ సంత మీది, నా చెట్టు నాది" అని చెప్పి పక్కచెట్టుకి మారింది. మారింది గానీ, దాని చెవి మాత్రం మద్దిచెట్టు మీదే ఉండేది.

ఆ గుంపులో తునికి అని ఒక చిన్నది. దానికి తొలిచూలు బిడ్డ పుట్టాడు. కొండముచ్చుల్లో ఒక ఆచారం ఉంది. బిడ్డ పుడితే తల్లి ఎర్రమట్టి తడుపుకుని, చెట్టు చెట్టుకీ తిరిగి, అందరి నుదుటా బొట్టు పెట్టాలి. "మా బిడ్డను చూడ్డానికి రండి" అని పిలవాలి. అలా పిలిస్తేనే వెళ్లాలి. పిలవకుండా వెళితే చులకనైపోతారు.

తునికి అందరికీ బొట్టు పెట్టింది. అందరూ వెళ్లారు. బిడ్డను చూశారు. "అచ్చం తాత పోలికే" అన్నారు. చిగుళ్లు తిన్నారు.

ఇప్పవ్వ నుదుట మాత్రం బొట్టు లేదు.

"తునికి తల్లికి పురుడు పోసింది నేను. తునికిని వీపున వేసుకుని తిప్పింది నేను. ఇవాళ నేను దానికి కానిదాన్నయ్యానా?" అనుకుంది ఇప్పవ్వ. పైకి మాత్రం అనలేదు. అంటే అడుక్కున్నట్టు ఉంటుంది కదా. మనసులో ముడి వేసి పెట్టుకుంది. ఇప్పవ్వ వేసిన ముడి అంత తొందరగా ఊడదు.

ఇక ఆ బిడ్డ సంగతి వినండి. వాడు ఉత్త పేచీకోరు. పాలు తాగుతూ తాగుతూ మధ్యలో వదిలేస్తాడు. వదిలేసి ఏడుస్తాడు. ఎత్తుకుంటే ఏడుపు, దింపితే ఏడుపు. సాయంత్రం అయ్యేసరికి కాళ్లు కడుపులోకి ముడుచుకుని గుక్కపట్టి ఏడుస్తాడు. మొహమంతా కందిపోతుంది.

మద్దిచెట్టు మీద పిన్నమ్మలకీ అత్తలకీ కొదవ లేదు. "ఇటివ్వవే, నేను ఊరుకోబెడతాను" అని ఒకతి లాక్కునేది. "నీకేం చాతనవును, ఇటు తే" అని ఇంకొకతి లాక్కునేది. చేతులు మారినకొద్దీ బిడ్డ ఏడుపు పెరిగేది. వాళ్ల వెనకాలే తిరగడంతో తునికికి తిండి లేదు, కునుకు లేదు. తల్లి తినకపోతే పాలెక్కడివి? పాలు చాలక బిడ్డ మళ్లీ ఏడుపు. గానుగెద్దు తిరిగినట్టు అక్కడికక్కడే తిరిగేది వాళ్ల బతుకు.

ఇప్పవ్వకి అన్నీ వినబడేవి. చెవులు మూసుకునేది. వేళ్ల సందులోంచి కూడా వినబడేది.

ఒకనాడు గుంపు పెద్ద గుట్టయ్య తునికి దగ్గరికి వచ్చాడు.

"తునికీ, ఈ ఏడుపు వాగు దాటి పోతోంది. నీళ్ల దగ్గర చిరుతపులి అడుగులు చూశాను. ఒక్క బిడ్డ కోసం గుంపంతా దాని నోట్లో పడలేం. రేపు పొద్దుగూకేలోపు వీడు ఊరుకోకపోతే, నువ్వు వీణ్ణి తీసుకుని వేరే చెట్టుకి పోవాలి" అన్నాడు.

"ఒక్కదాన్నేనా మామా?" అంది తునికి.

"నన్నేం చేయమంటావు?" అని గుట్టయ్య మొహం తిప్పుకున్నాడు.

ఒంటరిగా ఉన్న బిడ్డతల్లిని చిరుత ఎన్నాళ్లు వదులుతుంది? ఆ సంగతి మద్దిచెట్టు మీద అందరికీ తెలుసు. ఇప్పవ్వకి ఇంకా బాగా తెలుసు. అయినా అది కొమ్మ మీద నుంచి కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే గోరింక వచ్చింది. "అయ్యో, ఇంత చిన్నదానికి ఇంత గోలా! వసకొమ్ము అరగదీసి నాలిక మీద రాయవే. మా పిల్లలందరికీ అదే రాశాను. ఎంత చక్కగా మాట్లాడతారో చూడు" అంది.

తునికి వస తెచ్చి, రాతి మీద అరగదీసి, బిడ్డ నాలికకి రాసింది. ఘాటుకి బిడ్డ ఇంకా పెద్దగా ఏడ్చాడు.

"వస పెట్టేది మాటలు రావడానికే పిచ్చిదానా, ఏడుపు మానడానికి కాదు. ఉన్న నోరు చాలదనా ఇప్పుడు!" అని ఇప్పవ్వ గొణుక్కుంది. వెళదామని లేచి నిలబడింది. అంతలో బొట్టు లేదని గుర్తొచ్చింది. మళ్లీ కూర్చుంది.

అది లేచినప్పుడు మద్దిచెట్టు మీద పిల్ల కొండముచ్చులు కిసుక్కున నవ్వాయి.

"నా వంగిన నడుం చూసి నవ్వుతున్నాయి. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదట! రేపు వీళ్లు మాత్రం ముసలివాళ్లు కారా?" అనుకుంది ఇప్పవ్వ. ఇంకో ముడి వేసుకుంది.

ఎండ ఎక్కాక ఎలుగుబంటి వచ్చింది. తేనెపట్టు చంకలో పెట్టుకుని వచ్చింది. మద్దిమానుకి వీపు ఆనించి బరబరా గోక్కుంటూ, "బిడ్డకి కాస్త తేనె నాకించు తునికమ్మా. తీపి తగిలితే ఏ నోరైనా మూతపడుతుంది" అంది. తేనెపట్టు ముక్క ఒకటి విరిచి పైకి విసిరింది.

తునికి వేలికి తేనె అంటుకుంది. ఆ వేలు బిడ్డ నోటిదాకా వెళ్లింది.

"చంటిబిడ్డకి తేనె పెడతారుటే ఎక్కడైనా! తల్లిపాలు తప్ప ఏదీ పడదు ఆ కడుపుకి!" అని ఒక కేక వినబడింది. అందరూ ఇప్పచెట్టు వైపు చూశారు. ఇప్పవ్వ నిలబడి ఉంది. కానీ అటు తిరిగి, వాగు వైపు చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు నిలబడి ఉంది.

తునికి గబుక్కున వేలు వెనక్కి తీసుకుంది. చేతికైన తేనంతా మానుకి తుడిచేసింది.

పిల్ల కొండముచ్చులు ఇప్పవ్వని వెనకనుంచి చూసి ఈసారి కడుపు పట్టుకుని నవ్వాయి. ఇప్పవ్వ విసురుగా కూర్చుంది. మూడో ముడి పడింది.

పొద్దు వాలుతుండగా నెమలి వచ్చింది. "ఇది దిష్టి తప్ప ఇంకోటి కాదు. పుట్టీ పుట్టగానే అడవంతా వచ్చి చూస్తే తగలదా మరి! నా పింఛంతో దిగదుడుస్తాను, ఉండండి" అంది. బిడ్డ మొహం ముందు పింఛం విప్పి గరగరలాడించింది. కాళ్లతో కొమ్మను దబదబా తన్నింది. మెడ చాచి "క్యావ్!" అని అరిచింది.

బిడ్డ ఉలిక్కిపడ్డాడు. నోరు తెరిచాడు. ఏడుపు రాలేదు.

"చూశారా, ఊరుకున్నాడు!" అంది నెమలి.

"ఊరుకున్నాడు, ఊరుకున్నాడు!" అన్నారు పిన్నమ్మలు.

ఇప్పవ్వకి ఆ చప్పుడు లేకపోవడం నచ్చలేదు. ఊరుకున్న బిడ్డ వేరు, గుక్క తిరగని బిడ్డ వేరు. ఏడుపు లోపలే చిక్కుకుపోయి ఊపిరి తిరగడం లేదు. అది లేచి నిలబడింది. బొట్టు లేదని గుర్తొచ్చింది. ఈసారి కూర్చుందామన్నా కాళ్లు వంగలేదు.

"బొట్టు లేకపోతే లేకపోయింది. చులకనైతే అవుతాను" అని ఇప్పవ్వ ఒక్క దూకు దూకింది. ఆ వయసులో ఆ దూకుడు చూసి గుట్టయ్య కూడా పక్కకి తప్పుకున్నాడు. తునికి చేతుల్లోంచి బిడ్డను అందుకుని, మొహం మీద "ఉఫ్" అని గట్టిగా ఊదింది. బిడ్డ గుక్క తిప్పుకున్నాడు. ఆపైన చెట్టు అదిరేలా ఏడ్చాడు.

"హమ్మయ్య, ఏడిచాడు" అంది ఇప్పవ్వ. ఆ చెట్టు మీద వాడు ఏడిచినందుకు సంతోషించింది అదొక్కతే.

"ఇక వినండి. ఎవతైనా బిడ్డను చేతులు మార్చిందో, దాని చెయ్యి విరుస్తాను. మీకంత ప్రేమ కారిపోతుంటే వెళ్లి నాలుగు చిగుళ్లు కోసుకొచ్చి తల్లికి పెట్టండి. అమ్మా నెమలీ, నీ నాట్యం వానొచ్చినప్పుడు చూస్తాంలే" అంది.

పిన్నమ్మలు చిగుళ్ల కోసం పరిగెత్తారు. ఇప్పవ్వ బిడ్డను తన ఒళ్లో బోర్లా వేసుకుంది. తన పిల్లలందరినీ అది అలాగే ఊరుకోబెట్టింది. కానీ వీడు ఇంకా మెలికలు తిరిగిపోయాడు.

"ఇదేం బిడ్డ! ఇలా పడుకోబెడితే ఊరుకోని బిడ్డను నేను చూడలేదు" అంది.

తునికి నోట్లో చిగుళ్లతోనే భయపడుతూ అంది, "అవ్వా, వాడు ఎడమ భుజం మీద నిలువుగా ఉంటే కాస్త నెమ్మదిస్తాడు."

"నాకు చెబుతున్నావా?" అనే మాట ఇప్పవ్వ నాలిక చివరిదాకా వచ్చింది. బిడ్డ ఏడుపు వింది. ఆ మాట మింగేసింది. వాణ్ణి ఎడమ భుజం మీద నిలువుగా వేసుకుని, వీపు మీద తట్టడం మొదలుపెట్టింది. టపా, టపా, టపా. మెల్లగా కాదు, గట్టిగా కాదు. ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది. తునికి నాలుగు చిగుళ్లు తినీ తినగానే కూర్చున్నచోటే కునికేసింది.

అప్పుడే వాగులో నీళ్లు కదిలాయి.

చిరుత ఇవతలికి వచ్చింది. అందరూ కొమ్మలకి అతుక్కుపోయారు. చిరుత మద్దిచెట్టు కిందికి వచ్చి తల ఎత్తింది. భుజం మీద బిడ్డ ముక్కు ముడిచాడు. కాళ్లు కడుపులోకి లాక్కున్నాడు. ఇప్పుడు కేక పెడితే చిరుత సరాసరి పైకొస్తుంది. గుట్టయ్య కళ్లతోనే ఇప్పవ్వని బతిమాలాడు. ఇప్పవ్వ అటు చూడనే లేదు. చేతి జోరు పెంచలేదు, తగ్గించలేదు. టపా, టపా, టపా.

బిడ్డ నోరు తెరిచాడు.

"బ్రేవ్!"

పిడికెడు బిడ్డ, గంపెడు త్రేన్పు! ఎన్నాళ్లుగానో పొట్టలో చిక్కుకున్న గాలంతా ఒక్కసారే వచ్చేసింది.

కింద చిరుత ఆగింది. మాను వాసన చూసింది. తేనె వాసన. బెరడు సందుల్లో ఎలుగుబంటి వెంట్రుకలు. "ఓహో, ఎలుగు పైనే ఉంది. పొట్ట పగిలేలా తిని త్రేనుస్తోంది. దాని గోళ్లతో నాకెందుకొచ్చిన తంటా" అనుకుంది. వచ్చిన దారినే వాగు దాటి వెళ్లిపోయింది.

బిడ్డ అవ్వ మెడలో మొహం దూర్చి నిద్రపోయాడు.

ఆనాటితో వాడు ఏడుపు మానేశాడని మాత్రం అనుకోకండి. మర్నాడు సాయంత్రం మళ్లీ ఏడ్చాడు. ఆ మర్నాడూ ఏడ్చాడు. చంటిబిడ్డ అన్నాక ఏడుస్తాడు. కాకపోతే ఒక క్రమం ఏర్పడింది. తునికి పాలిచ్చేది. పాలు తాగాక అవ్వ భుజాన వేసుకునేది. త్రేన్పు వచ్చేదాకా తట్టేది. తునికి తినేది, కునుకు తీసేది. పిన్నమ్మలు చిగుళ్లు తెచ్చేవారు, దూరంనుంచే బిడ్డను ముద్దులాడేవారు. వాడి ఏడుపు వాగు దాటడం మానేసింది. గుట్టయ్య మళ్లీ వేరే చెట్టు మాట ఎత్తలేదు. ఎత్తకపోయినా ఇప్పవ్వ ఆ వానాకాలం అంతా అతనితో మాట్లాడలేదనుకోండి.

అది సరే, బొట్టు సంగతి చెప్పాలి కదా. చిరుత వెళ్లిన మర్నాడు పొద్దున్నే, బిడ్డను భుజాన వేసుకుని తడుతున్న అవ్వని తునికి అడిగింది.

"అవ్వా, ఇన్నాళ్లూ ఎందుకు రాలేదు? బొట్టు పెట్టిన రోజు నుంచీ నీకోసమే కాచుకున్నాను. పిలిచినా రాలేదంటే నా మీద కోపమేమో అనుకుని మళ్లీ అడగలేదు."

"బొట్టా! ఎవరికి పెట్టావే బొట్టు?"

"నీకే. నేను వచ్చేసరికి నువ్వు పై కొమ్మల పంగలో కునుకు తీస్తున్నావు. పెద్దవాళ్లని లేపకూడదని నువ్వే కదా నేర్పావు. ఊళ్లో అయితే, మనిషి దొరక్కపోతే తలుపుకి బొట్టు పెట్టి వెళతారట. మనకి తలుపులెక్కడివి? అందుకని నువ్వు కూర్చునే కొమ్మకే పెట్టి వచ్చాను. ఎర్రగా, నిండుగా పెట్టాను. నీకు కనబడలేదా?"

ఇప్పవ్వకి ఏమీ అర్థం కాలేదు. పిల్ల కొండముచ్చులు మాత్రం నవ్వాపుకోలేక కొమ్మలు పట్టుకుని వేలాడాయి.

"అవ్వా, బొట్టు నీ దగ్గరే ఉంది. నీ వెనకాల!" అంది ఒకటి.

ఇప్పవ్వ వెనక్కి తిరిగి చూసుకుంది. కనబడలేదు. ఇంకో వైపునుంచి తిరిగి చూసుకుంది. తోక పక్కకి లాక్కుని చూసుకుంది. సరిగ్గా కూర్చునేచోట, ఆరిన ఎర్రమట్టి, కాసంత గుండ్రంగా అంటుకుని ఉంది. పిలుపు మీద కూర్చుని పిలవలేదని అలిగింది పాపం.

"అవ్వా, గురివింద గింజ తన కింద..." అని మొదలుపెట్టింది ఇంకో పిల్ల. తునికి దాని నోరు మూసేసింది.

 అవ్వ ఎవరి చెవి మెలిపెడుతుందో అని అందరూ చూస్తున్నారు.

"కొమ్మకి పెట్టేదైతే పక్కన పెట్టాలి. కూర్చునేచోట పెడతారా ఎక్కడైనా? ఈ కాలప్పిల్లలకి ఒక పద్ధతా పాడా!" అంది ఇప్పవ్వ. అని అటు తిరిగి కూర్చుంది.

మొహం ఎవరికీ కనబడనివ్వలేదు. కానీ భుజం మీద బిడ్డ మాత్రం ఎగిరెగిరి పడుతున్నాడు. అవ్వ నవ్వు భుజాన్ని ఊపేస్తోంది మరి.

నీతి: పసిబిడ్డ ఏడుపే పిలుపు. దానికి వేరే బొట్టు కోసం కాచుకోకూడదు.