కొండమ్మ ఒదిలిన సందు

మనం ఫోన్లో మాట్టాడే మాటలన్నీ ఏదో ఊళ్లో పెద్ద గదుల్లో, పెట్టెల్లో దాస్తారంట గదా. ఆ పెట్టెలు పని చేసీ చేసీ వేడెక్కిపోతంటే గాలి తోలతారంట. మా కొండల్లో జంతువులకి అట్టాంటి గది ఎప్పుడో ఉండేదిలే. ఇనండి చెప్తా.

అదొక గుహ. ముందు పెద్ద నోరు, వెనక చిన్న నెర్రె. రెండు పక్కలా రాతి అరుగులు, అరుగుల మీద బారులు బారులుగా చిలకలు. అడివికి మతిమరుపెక్కువ గదా. ఏ వాగు ఎప్పుడు పారుద్ది, ఏ పుట్టలో పాముంది, ఎవరు కాయలు ఏ తొర్రలో దాచారు, అన్నీ చిలకలకి అప్పజెప్పేవాళ్లు. ఒక్కో చిలక ఒక్కో సంగతి పొద్దస్తమానం వల్లె వేసుకుంటా కూర్చునేది. నోరాపితే మర్చిపోద్ది మరి.

ఆ గుహకి కాపలా ముళ్లపంది ఈరయ్య. కానీ ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలో చూసుకుంది ఆయన పెళ్లాం కొండమ్మ. గుహ నోటి కాడి నుంచి నెర్రె దాకా, రెండు అరుగుల మధ్య ఒక సందు ఒదిలింది. సరిగ్గా తను ముళ్లు రాసుకోకుండా నడిచేంత. పొద్దున్నే ఆ సందులో ఒకసారి నడిచి, ఎవరి తోక అడ్డమొచ్చినా ముక్కుతో పక్కకి నెట్టేది.

ఆ కొండమ్మ చలికాలంలో పోయింది. ఈరయ్య ఆ సందు కేసి చూడలేకపోయేవాడు. ముసలి చిలక బుల్లెమ్మ నోరు తెరిస్తే ఇంకా కష్టం. ఎండల్లో ఊట ఎక్కడుంటదో బుల్లెమ్మకి నేర్పింది కొండమ్మే. నేర్పతా నేర్పతా మధ్యలో, సందులో అడ్డంగా కూర్చున్న మొగుణ్ణి కసిరింది. చిలకకేం తెలుసు, అదీ కలిపి నేర్చుకుంది. అచ్చం కొండమ్మ గొంతుతోనే అనేది:

"నల్లబండ కింద ఇసక తవ్వండి, ఊట. ఏమయ్యా, దారికడ్డం లెగు!"

ఇన్నోళ్లంతా పగలబడి నవ్వేవాళ్లు. ఈరయ్య బయటికి పొయ్యి కూర్చునేవాడు.

ఆ ఎండాకాలం పక్క అడివి తగలబడింది. అక్కడి చిలకలు రెక్కలు కమిలిపోయి వచ్చి గుహ ముందు వాలినయ్యి. "తాతా, మా అడివి సంగతులన్నీ మా నోళ్లలోనే ఉన్నయ్యి. కాస్త చోటియ్యి. ఈ ఎండన వల్లె సాగటంలా" అన్నయ్యి. ఈరయ్య లోపలికి చూస్తే అరుగుల మీద గోరు మోపే చోటు లేదు.

అప్పుడొచ్చాడు నక్క గంగులు. వాడు పిలవని పేరంటానికి ముందుంటాడు.

"చోటు లేదంటావేంది మామా? నడిమధ్యన అంత సందు పెట్టుకుని!"

"అది మీ అత్త ఒదిలిందిరా."

"ఇల్లు ఇరకాటం, ఆలి మర్కటం అని ఊరికే అన్లా. అత్త పోయె, సందు మిగిలె. నాలుగు కొమ్మలు అడ్డంగా దూర్చు, వీళ్లంతా కూర్చుంటారు."

"నీకెందుకురా మా గోల? కందకి లేని దురద కత్తిపీటకా?"

"నీ కోసమే మామా. రోజూ ఆ ఖాళీ చూసి కుమిలిపోతన్నావు. నిండితే కంటికి కనపడదు గదా."

ఆ చివరి మాట తగిలింది ఈరయ్యకి. కొమ్మలు లాక్కొచ్చి సందు నిండా దూర్చాడు. కొత్త చిలకలన్నీ ఇరుక్కుని కూర్చున్నయ్యి. ఈరయ్య అటు చూడకుండా బయట పడుకున్నాడు.

మర్నాడు ఎండ నడినెత్తికొచ్చింది. అన్ని నోళ్ల వేడి, అన్ని ఒళ్ల వేడి, పోదామంటే దారి లేదు. గుహ కుమ్ములో పెట్టిన కుండలాగుంది. ఒక చిలక "పుట్టలో వాగు పారుద్ది" అంటది. ఇంకోటి "తొర్రలో కాయలు పడగెత్తినయ్యి" అంటది.

అప్పుడే చూలు లేడి ఒకటి తూలుకుంటా వచ్చింది. "తాతా, మడుగు ఎండిపోయింది. నా కోసం కాకపోయినా కడుపులో దానికోసం, ఊటెక్కడో బుల్లెమ్మని అడుగు."

ఈరయ్య అడిగాడు. బుల్లెమ్మ నోరు తెరిచింది. "నల్ల... నల్ల... ఏమయ్యా, దారి..." అంతే. తలొంచేసి అరుగు మీద నుంచి కింద పడింది.

"అయ్యయ్యో, ఇటియ్యి మామా, చల్లగా పడుకోబెడతా!" గంగులు ఎప్పుడొచ్చాడో వచ్చి ఉన్నాడు. మాట చల్లగానే ఉంది గానీ మూతి నుంచి చొంగ కారతంది.

అప్పుడెలిగింది ఈరయ్యకి. వీడు సలహా చెప్పింది దేనికో తెలిసింది. బుల్లెమ్మ పోతే ఊట పోద్ది, ఊటతో పాటు కొండమ్మ గొంతూ పోద్ది. "దారికడ్డం లెగు" అని ఇన్నాళ్లూ నన్ను తిట్టిందనుకున్నా, గాలి దారి గురించి చెప్తందిరా దేవుడా అనుకున్నాడు.

బుల్లెమ్మని లేడి నీడన పెట్టాడు. పళ్లతో కొమ్మలన్నీ బయటికి లాగేశాడు. కొత్త చిలకలు లేచి చెట్ల మీద వాలినయ్యి. అప్పుడు నక్కతో మెల్లిగా అన్నాడు, "అల్లుడా, ఒక్క బుల్లెమ్మేంది, ఆ చివర నెర్రె కాడ చాలామంది పడిపోయారు. నా మోకాళ్లు సాగటంలా. నువ్వెళ్లి మొయ్యి."

గంగులు ఒక్క దూకున సందులో దూరాడు. ఈరయ్య ఎనక్కి తిరిగి, ముళ్లన్నీ నిక్కబెట్టి, ఎనకెనక్కే నడుచుకుంటా లోపలికి పోయాడు.

"మామా, ఇక్కడెవరూ లేరే!"

"సరిగ్గా చూడరా."

"మామా, ముళ్లు! ముళ్లు గుచ్చుకుంటన్నయ్యి! తిరగటానికి చోటు లేదు!"

"ఏం చేస్తాం అల్లుడా, ఇల్లు ఇరకాటం."

గంగులు లబోదిబోమంటా నెర్రెలో దూరి, ఈపు గీరుకుపోయి, సగం తోక బొచ్చు రాతికి ఒదిలేసి అవతల పడ్డాడు. మళ్లీ ఆ చాయలకి రాలా.

సందులో గాలి జుయ్యిమంది. బుల్లెమ్మ కన్ను తెరిచింది. "నల్లబండ కింద ఇసక తవ్వండి, ఊట. ఏమయ్యా, దారికడ్డం లెగు!" లేడి పొయ్యి కాలితో గీకితే ఇసక చెమ్మగిల్లి నీళ్లు పైకొచ్చినయ్యి.

మరి కొత్త చిలకలో? ఈరయ్య కొండమ్మ లాగే సందులో నడుచుకుంటా అరుగుల మీది ఒక్కో పాత చిలక కాడా ఆగి ఇన్నాడు. కొన్ని చిలకలు ఎప్పుడో కూలిపోయిన నేరేడు చెట్టు కాయల సంగతే చెప్తన్నయ్యి. కొన్ని ఏనాడో ఎళ్లిపోయిన ఏనుగు నడిచే దారి చెప్తన్నయ్యి. "చాల్లే తల్లీ, ఇన్నాళ్లు మోశారు, మీ రుణం తీర్చుకోలేం. ఇంక హాయిగా ఎగరండి" అని దణ్ణం పెట్టి పంపాడు. ఆ చోట్లో కొందరు కొత్తోళ్లు కూర్చున్నారు. మిగిలినోళ్లు కప్పు రాళ్లు పట్టుకుని తలకిందులుగా ఏలాడారు. చిలకకి అదొక లెక్కా! అంతా సర్దుకున్నారు. సందు సందులాగే ఉంది.

ఇప్పుడు ఈరయ్య బయటికి పోడు. దాహం లేకపోయినా బుల్లెమ్మ ముందు ఆగి ఊటెక్కడని అడుగుతాడు.

"ఏమయ్యా, దారికడ్డం లెగు!"

"లెగిశాన్లేవే కొండమ్మా. నీ పుణ్యాన అడివి నీళ్లు తాగతంది" అని పక్కకి జరుగుతాడు.

నింపటం ఎవరికైనా వచ్చు, ఖాళీ ఎక్కడ ఒదలాలో తెలిసినోళ్లే ఇల్లు నిలబెడతారు.