దమయంతమ్మ ఫొటో కింద టమోటా మందు

పలమనేరు బస్టాండు వెనుక జిరాక్స్ కొట్టు నడిపే దొరబాబుకు, ఎవరో కష్టపడి వేసిన పందిట్లో తన పెళ్లి కానిచ్చుకునే బుద్ధి ఒకటి ఉండేది. వాడు తెలివితక్కువవాడేం కాదు. కంప్యూటరు ముందు కూర్చుంటే వేళ్లు ఆగేవి కావు. ఆ తెలివితో సొంతంగా ఒక పేరు సంపాదించుకోవచ్చు. కానీ అంత ఓపిక ఆ మహానుభావుడికి ఎక్కడిది?

పేరు సంపాదించింది వాడి అక్క దమయంతమ్మ. ఊరికి ఆరు మైళ్ల దూరంలో ఉన్న చిన్నబండపల్లెలో ఆమె ఇరవై రెండేళ్లుగా పట్టుపురుగులు పెంచుతూ ఉండేది. అదేమీ ఆషామాషీ పని కాదు. మల్బరీ ఆకు తడిగా ఉంటే పురుగుకు రోగం, వాడితే తినదు. బయటి రోగం లోపలికి రాకుండా ఆమె షెడ్డు గుమ్మంలో సున్నం చల్లి ఉంచేది. ఎంతటివాడైనా అందులో కాళ్లు తొక్కి లోపలికి రావలసిందే. ఆ ఘాటు పురుగుకు విషమని పొగాకు నమిలేవాళ్లను, తోటలో పురుగుమందు కొట్టి వచ్చినవాళ్లను గడప దాటనిచ్చేది కాదు. బీడీ వాసన వచ్చిందని సొంత మొగుడినే ఒకసారి అరపూట బయట నిలబెట్టింది.

మూడేళ్ల కిందట, తనకు తెలిసింది నలుగురికీ చెబితే బాగుంటుందని ఆమెకు అనిపించింది. ఆమె చెబుతుంటే దొరబాబు టైపు చేసి, 'దమయంతి పట్టు' అనే పేరు తీసుకుని వెబ్‌సైటు పెట్టాడు. ప్రతి పేజీ పైభాగాన, పట్టుగూళ్ల బుట్టతో నవ్వుతున్న ఆమె ఫొటో, దాని కింద ఆమె ఫోన్ నంబరు ఉండేవి. చుట్టుపక్కల మండలాల్లో పురుగులు పెంచే ఆడవాళ్లు ఏ సందేహం వచ్చినా ముందు ఆ పేజీలే తెరిచేవాళ్లు. ఆమె మాట ఒక్కసారి కూడా వాళ్ల పంట చెడగొట్టలేదు.

జనం పెరిగేసరికి దొరబాబుకు చేతులు దురద పుట్టాయి. ముందు ఒక మూల రాశిఫలాలు పెట్టాడు. తర్వాత ఫోన్ రీచార్జి చిట్కాలు వచ్చాయి. ఆ తర్వాత ఏకంగా టమోటా సాగు మొదలుపెట్టాడు. వాడి జన్మలో ఒక్క టమోటా నారు నాటిన పాపాన పోలేదు. అక్కడా ఇక్కడా దొరికింది ఏరి అతికించేవాడు. పట్టుకూ రాశిఫలాలకూ ఏం సంబంధమని అక్క అడిగింది. టమోటాకు వేరే పేరుతో ఇంకో సైటు పెట్టుకోరా అని నచ్చజెప్పింది.

"కొత్త పేరంటే మళ్లీ మొదటి నుంచీ రావాలక్కా. ఏడాది పాటు ఈగలు తోలుకోవాలి. నీ పేరుకు జనం ఉండనే ఉన్నారు. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరుగుతామా? ఒక ఇంట్లో నాలుగు గదులు ఉండవా?" అన్నాడు దొరబాబు.

దమయంతమ్మకు ఆ మాట మింగుడుపడలేదు. అయినా తోడబుట్టినవాడు, అడక్కుండానే సైటు కట్టిపెట్టినవాడు. గట్టిగా అంటే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకుంది. షెడ్డు గుమ్మంలో మొగుణ్నే ఆపిన మనిషి ఇక్కడ మొహమాటానికి పోయింది. చూశారా, ఎంత చోద్యమో!

బయప్పకొత్తూరులో చెంగమ్మ అనే ఆమె ఉండేది. పదేళ్లు పరుల షెడ్లలో ఆకు కోసి, పురుగులకు మేత వేసి, ఆ ఏడే సొంత షెడ్డు వేసుకుంది. అది ఆమె మొదటి పంట. ఉన్న ఎకరంలో సగం మల్బరీ, సగం టమోటా. ఆ వైపు చాలామంది సాగు అంతే, రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఆమె పురుగులు నాలుగో జ్వరం లేచాయి. అంటే నాలుగోసారి చర్మం విడిచి, ఆకలి మీద ఉన్నాయి. ఇంకో వారం ఆకు తింటే గూడు కడతాయి. సరిగ్గా అప్పుడే టమోటాకు తెల్లదోమ తగిలింది.

చెంగమ్మ అలవాటు కొద్దీ 'దమయంతి పట్టు' తెరిచింది. టమోటా మీద తెల్లదోమకు ఫలానా మందు కొట్టమని అందులో కనిపించింది. పొద్దున్నే కొట్టింది. గాలికి ఆ తుంపర పక్కనున్న మల్బరీ మీద కూడా పడింది. మర్నాడు ఆ ఆకే కోసి పురుగులకు వేసింది. సాయంత్రానికల్లా పురుగులు తలలెత్తి ఊగడం మొదలుపెట్టాయి. ఆకుపచ్చ రసం కక్కుకుని, ముడుచుకుని, తట్టల నిండా చచ్చిపడ్డాయి.

చెంగమ్మ ఫోన్ రాగానే దమయంతమ్మ ఉన్నపళంగా బయలుదేరింది. షెడ్డులోకి అడుగుపెట్టి, మిగిలిన ఆకు చేతిలోకి తీసుకుని వాసన చూసింది. సంగతి అర్థమైంది. పురుగులు షెడ్డులో ఉండగా తోటలో మందు కొట్టమని ఏ బుద్ధిలేనివాడు చెప్పాడని కోపంగా అడిగింది. చెంగమ్మ ఫోన్ తెరిచి చూపించింది. పైన దమయంతమ్మ నవ్వుతూ ఉంది. కింద టమోటా మందు ఉంది.

"టమోటాకనే రాసుండాది. నేను చదువుకున్నానక్కా. అయితే మా ఆకు పక్కనే టమోటా ఉంటాదని నీకు తెలీనిదా? నువ్వు కొట్టమన్నావంటే పురుగుకు ముప్పు ఉండదులే అనుకున్నా. ఇంకెవరి ఫొటో ఉన్నా నీకు ఫోన్ చేసి అడిగే కొట్టేదాన్ని" అంది చెంగమ్మ.

ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అదే దమయంతమ్మను ఎక్కువ బాధించింది. ఇరవై రెండేళ్ల కష్టం మీద ఎవడో ఉమ్మేసినట్టు ఒళ్లంతా మండిపోయింది. తమ్ముడి మీద ఎంత కోపం వచ్చిందో, ఊరుకున్నందుకు తన మీద తనకు అంతకు రెండింతలు వచ్చింది. బస్సు దిగి నేరుగా జిరాక్స్ కొట్టుకు వెళ్లింది.

జరిగింది విని దొరబాబు ముందు అయ్యో అన్నాడు. తర్వాత తన తప్పేమీ లేదన్నాడు. టమోటాకని పెద్ద అక్షరాలతో రాశాడట. చదివి అర్థం చేసుకోకపోతే తనేం చేస్తాడట. పైగా సైటు మొత్తంలో ఎక్కువమంది చూసింది ఆ పేజీయేనట. అత్తసొమ్ము అల్లుడు దానం చేసి, పైన దాత అనిపించుకున్నట్టుంది వాడి వరస.

దమయంతమ్మ కొట్టులో ఉన్నవాళ్లను లెక్కచేయలేదు. "ఆ పేజీ మీద నా ఫొటో తీసెయ్. నీ ఫొటో పెట్టు, నీ నంబరు పెట్టు" అంది.

"నాది పెడితే ఎవరు నమ్ముతారక్కా?" అన్నాడు దొరబాబు.

"నీ పేరు మీద నమ్మరని నీకే తెలుసు. మరి ఆ మాట నా పేరు మీద చెంగమ్మ చేత ఎట్లా నమ్మించినావురా?"

జిరాక్స్ కోసం వచ్చినవాళ్లు వాడి ముఖం చూడలేక తలలు తిప్పుకున్నారు. దొరబాబు అప్పటికప్పుడే అక్క ఎదుట కూర్చుని పట్టుకు సంబంధం లేని పేజీలన్నీ తీసేశాడు. జరిగిన తప్పేమిటో దమయంతమ్మ దాచకుండా సైటు మొదట్లోనే రాయించింది. కొందరు ఫోన్ చేసి నిష్ఠూరమాడారు. ఆమె అందరి మాటా పడింది. తన షెడ్డులో రెండో జ్వరం లేచిన పురుగుల్లో సగం చెంగమ్మకు ఇచ్చింది. చెంగమ్మ తోటలో మందు తగిలిన కొమ్మలు కోసేసి, కొత్త చిగురు వచ్చి ఆకు ముదిరేదాకా దొరబాబే రోజూ అక్క తోటలోని ఆకు మోపులు బండి మీద మోశాడు. చెంగమ్మ షెడ్డులో ఆ పురుగులు గూళ్లు కట్టాయి. అయినా మొదటి పంట పోయిన దిగులు ఆమెకు చాలాకాలం పోలేదు.

తర్వాత దొరబాబు టమోటా కోసం వేరే పేరు తీసుకుని, తన ఫొటోతో, తన నంబరుతో కొత్త సైటు పెట్టాడు. నెల రోజుల్లో చూసినవాళ్లు పదకొండు మంది. వాళ్లలో ఒక ముసలి రైతు ఫోన్ చేసి, "నువ్వు ఎప్పుడైనా టమోటా పండించినావా నాయనా?" అని అడిగాడు. దొరబాబు గబుక్కున ఫోన్ పెట్టేశాడు. అక్క ఫొటో కింద దాక్కున్నన్నాళ్లూ ఆ ప్రశ్న వాడిని ఎవరూ అడగలేదు.

ఒక పనిలో మనల్ని చూసి జనం ఇచ్చిన నమ్మకం ఆ పనికే చెల్లుతుంది. దానితో సంబంధం లేని పని చేయదలిస్తే వేరే పేరు పెట్టుకుని, ఆ నమ్మకాన్ని మొదటి నుంచి సంపాదించుకోవాలి తప్ప, ఉన్న పేరు చాటున దూరడం మోసమే.