తువాలు కింద బేరం

విరూపాక్షప్పకు ఆ ఏడు ఒకటే ప్రశ్న పట్టుకుంది. కొత్త కారుకు న్యాయమైన ధర ఏది?

ఆదోనిలో ఆయనకు పత్తి మిల్లు ఉంది. బేరంలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడని పేరు. ఊరికే వచ్చిన పేరు కాదది. కొత్తిమీర కట్ట దగ్గర ఎంత ఓపికగా బేరమాడేవాడో, మిల్లుకు యంత్రం కొనేటప్పుడూ అంతే ఓపికగా ఆడేవాడు. పిసినారి అనడానికి లేదు. ఇంటికొచ్చినవాళ్లకు కడుపునిండా పెట్టి పంపేవాడు. కానీ ఒక్క రూపాయి ఎక్కువిచ్చి మోసపోయానని తర్వాత తెలిసిందంటే, ఆ రోజు ఆయనకు అన్నం సహించదు. లేచి చెప్పులేసుకునేదాకా ఎవడూ అసలు ధర చెప్పడని మిల్లులో అందరికీ పాఠం చెప్పేవాడు.

ఈ కారు మాత్రం ఆయన కోసం కాదు, భార్య నీలమ్మ కోసం. ఆమె జబ్బు ఎముకల్లోకి దిగింది. వారం వారం కర్నూలు ఆస్పత్రికి తీసుకుపోవాలి. వెన్నుకు కుదుపు తగలకుండా చూసుకోండి, అంతకుమించి మన చేతిలో పెద్దగా ఏమీ లేదని డాక్టరు ఆయన్ని పక్కకు పిలిచి చెప్పాడు. ఇంట్లో ఉన్నది పత్తి కొనుగోళ్లకు తిరిగే పాత జీపు. వానలు పడి దారి పొడుగునా గుంతలు.

అందుకని మెత్తగా నడిచే పెద్ద కారు కొనాలనుకున్నాడు. కర్నూలు షోరూముల్లో ఉన్నవాటిలోకెల్లా ఖరీదైనదే చూసుకున్నాడు. నడిపి చూడమని ఇచ్చినప్పుడు వెనక సీటు మీద నిండా నీళ్లు పోసిన గ్లాసు పెట్టించాడు. ఊరు దాటి తిరిగొచ్చేదాకా ఒక్క చుక్క ఒలకలేదు. ఆ గ్లాసును చూసి ఆయన కళ్లు చెమర్చాయి. అమ్మేవాడికి కనబడకుండా ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సరుకు నచ్చిందని తెలిస్తే ధర దిగదు కదా మరి.

అక్కడ మొదలైంది బేరం. అమ్మే కుర్రవాడి పేరు ఫణీంద్ర. ఇన్సూరెన్సులో కొంత తగ్గించాడు, సీటు కవర్లు ఉచితమన్నాడు. విరూపాక్షప్ప లేచి గేటుదాకా వెళ్లాడు. కుర్రవాడు వెనక్కి పిలిచి ఇంకొంత దించాడు. ఆయన ఈసారి ఇంటికే వచ్చేశాడు. ఇదే కారును బెంగళూరులో తెలిసినవాళ్లు ఇంకా తక్కువకు కొన్నారట. డిసెంబరు దాటితే పాత ఏడాది బండి అయిపోతుందని షోరూమువాళ్లే కాళ్లబేరానికి వస్తారట. అప్పటికింకా దసరా వెళ్లలేదు. ఈలోపల అద్దె కారు పెట్టుకోమని ఎవరో అంటే, రేపోమాపో మన కారే వస్తుంటే అద్దె కారెందుకన్నాడు.

గురువారం సాయంత్రం దర్గా దగ్గరికి వెళ్లాడు. ఊరి బయట ఎండిన వాగు పక్కన చిన్న దర్గా అది. దాన్ని చూసుకునే దస్తగిరి సాహెబును జనం తాత అంటారు. విరూపాక్షప్ప తండ్రి కూడా కష్టమొస్తే ఆ అరుగు మీదికే వచ్చి కూర్చునేవాడు. నొసట విభూతి పెట్టుకున్నవాళ్లు అక్కడికి రావడం ఆ ఊళ్లో ఎవరికీ వింత కాదు. తాత వయసులో ఉండగా పశువుల సంతల్లో దలాలీ చేసేవాడు. అదంతా ఎప్పుడో వదిలేశాడు. భుజం మీద తువాలు మాత్రం మిగిలింది.

విరూపాక్షప్ప కారు సంగతంతా చెప్పాడు. షోరూమువాడు ఎంత అన్నాడు, తనెంత అన్నాడు, ఇద్దరి మధ్యా ఎంత తేడా ఉంది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. తాత పొయ్యి మీద చాయ్ కలియబెడుతూ విన్నాడు.

"సంతల్లో ఎన్ని బేరాలు కుదిర్చింటావు తాతా. నువ్వే చెప్పు. న్యాయమైన ధర అంటే ఏది?"

తాత చాయ్ వడకట్టి ఆయన చేతికిచ్చాడు. "ఆ యమ్మను మళ్లా ఎప్పుడు తీస్కపోతాండావు?"

"సోమవారం."

"నేనూ వస్తా."

విరూపాక్షప్పకు ఏనుగెక్కినంత సంబరమైంది. తాత షోరూములో పక్కన కూర్చుంటే ఫణీంద్ర ఏపాటి. సంత బేరం ముందు షోరూము బేరం నిలుస్తుందా అనుకుంటూ ఇంటికి పోయాడు.

సోమవారం తాత జీపు దగ్గరికి వచ్చి, ముందు సీటు ఇస్తానన్నా వద్దని, వెనక నీలమ్మ పక్కన కూర్చున్నాడు. విరూపాక్షప్ప ముందు డ్రైవరు పక్కన కూర్చుని దారంతా ఫణీంద్రతో ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాడు. జీపు ఒక్కో గుంతలో పడి లేచినప్పుడు మాట తెగిపోయేది. మళ్లీ కలిపేవాడు. వెనకనుంచి ఏ చప్పుడూ లేదు. నీలమ్మ ఎప్పుడూ అంతే, నోట్లో నాలుక లేని మనిషి. కునుకు పట్టిందేమో అనుకున్నాడు. ఒకసారి తిరిగి చూస్తే చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. దుమ్ముకేమో అనుకుని, డ్రైవరును అద్దం పైకెత్తమన్నాడు.

ఆస్పత్రిలో పని అయ్యేసరికి పొద్దు వాలింది. షోరూముకు పోదామా అని విరూపాక్షప్ప అడిగితే తాత ఇంటికే పోదామన్నాడు. ఆయనకు ఉసూరుమనిపించింది. తాతతో వాదించే అలవాటు లేక ఊరుకున్నాడు.

సగం దారిలో ఒక టీ కొట్టు దగ్గర తాత జీపు ఆపించాడు. డ్రైవరు చాయ్‌కి దిగి వెళ్లాడు. తాత కిందికి దిగి, విరూపాక్షప్పను వెనక సీట్లో నీలమ్మ పక్కన కూర్చోమన్నాడు. తను తలుపు దగ్గర నిలబడి భుజం మీది తువాలు తీసి దులిపాడు.

"నీలమ్మా, మీ నాయనకు సంతలో ఎడ్లు అమ్మిపెట్టింది నేనే. తువాలు కింద లెక్క నీకు గుర్తుండాదా?"

ఆమె ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు కనిపించింది. చిన్నప్పుడు నాయన ఇంట్లో ఆడి చూపించేవాడని చెప్పింది.

సంతలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేయీ చేయీ కలుపుతారు, పైన తువాలు కప్పుతారు. ఆ చాటున వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ మూగినవాళ్లకు ముఖాలు తప్ప ఏమీ కనబడవు. ఎంత దెబ్బ తగిలినా ముఖం మీదికి రానివ్వనివాడే మంచి బేరగాడు.

"కారు నీకు. కొనేది ఈయప్ప. మధ్యలో ఆ షోరూమోడు యాల? ధర మీరిద్దరే మాట్లాడుకోండి" అన్నాడు తాత.

ఇద్దరి మధ్యా తువాలు పరిచాడు. విరూపాక్షప్ప కొంచెం సిగ్గుపడుతూనే చేయి కిందికి పెట్టాడు. ఈ వయసులో భార్యాభర్తలకు ఇదేం ఆట అనుకున్నాడు. తువాలు కింద వెతికాడు. చేయి దొరకలేదు. దొరికింది చేయేనని తెలియడానికి ఒక క్షణం పట్టింది. అది ఆయనకు తెలిసిన చేయి కాదు. అలవాటు కొద్దీ వేలు పట్టుకోబోతే ఎముక తగిలింది.

తర్వాత ఉంగరం తగిలింది. మిల్లు పెట్టిన మొదటి ఏడు చేయించాడు దాన్ని. కంసాలితో పొద్దంతా బేరమాడి చేయించాడు. అప్పట్లో అది ఆమె వేలికి బిగుతై, సబ్బు రాస్తే తప్ప వచ్చేది కాదు. ఇప్పుడు ఉంగరం లోపలివైపు లావుగా ఏదో ఉంది. వేలికొసతో తడిమాడు. దారం.

ఉంగరం జారిపోకుండా లోపల దారం చుట్టుకుంది. అడుగున ఉన్న దారం గట్టిపడి, మురికి పట్టి గరగరలాడుతోంది. దాని మీద ఇంకో వరస, కొంచెం నునుపుగా. ఆ పైన మెత్తగా, మొన్న చుట్టిందేమో అన్నంత కొత్తగా మరో వరస.

విరూపాక్షప్ప తలెత్తి ఆమె ముఖం చూశాడు. ముఖంలో ఏమీ లేదు. ఇందాకటి నవ్వే ఉంది. చీర చెంగు కొస మాత్రం, పళ్లు దిగిన చోట, చిరిగి ఉంది.

"ఎంతకు తెగింది?" అని అడిగాడు తాత.

నీలమ్మ ఏ వేలూ నొక్కలేదు. ఆయన ఆమె చేయి మొత్తం పట్టుకుని కూర్చున్నాడు. తాత కాసేపు చూసి, తువాలు తీసి భుజాన వేసుకుని, చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

అక్కడినుంచే విరూపాక్షప్ప ఫణీంద్రకు ఫోను చేశాడు. నువ్వు చెప్పిన ధరకే తీసుకుంటాను, బండి రేపే కావాలన్నాడు. ఇన్నాళ్లుగా ఆయన ఎత్తులు చూసిన కుర్రవాడికి ఇది ఇంకో ఎత్తనిపించింది. మేనేజరుతో మాట్లాడతానని పెట్టేసి, కాసేపటికి తనే చేసి ఇంకొంత తగ్గించాడు. తగ్గించమని నేను అడగలేదు, బండి ఇయ్యి చాలని విరూపాక్షప్ప గొంతు పెంచాడు. కోపమొచ్చిందనుకుని కుర్రవాడు మళ్లీ తగ్గించాడు. డిసెంబరులో వస్తుందని ఆయన ఆశపడిన ధరకన్నా కిందికి దిగింది. ఆయన జీవితంలో అంతటి బేరం ఇంకోటి లేదు.

బండి మాత్రం లేదు. నీళ్ల గ్లాసు పెట్టి చూసిన కారును పోయినవారం ఎవరో వచ్చి, చెప్పిన ధర ఇచ్చి తీసుకుపోయారు. కొత్తది చెన్నై నుంచి రావాలి. వచ్చినాక రిజిస్ట్రేషన్ కావాలి.

అది వచ్చేదాకా అద్దె కారు పెట్టాడు. అందులో ముందు సీట్లో కాక నీలమ్మ పక్కనే కూర్చునేవాడు. కార్తీకం సగం గడిచాక వచ్చింది కొత్త కారు. పూజ చేయించి, నిమ్మకాయల మీదుగా తనే నడిపి ఇంటి ముందుకు తెచ్చాడు. నీలమ్మను ఎత్తి కూర్చోబెట్టడానికి ఇంకొకరి సాయం అవసరం కాలేదు.

ఆ సోమవారం కర్నూలు పోయి వస్తున్నారు. కారు ఆయనే నడుపుతున్నాడు. వెనకనుంచి నీలమ్మ నిద్రొస్తాందని చెప్పింది. ఆ దారిలో ఆమె ఆ మాట అనడం అదే మొదలు. ఆయన ఇంకా నెమ్మదిగా పోనిచ్చాడు. వెనక లారీలు హారన్లు కొట్టి కొట్టి దాటిపోయాయి. ఇల్లు చేరాక ఆమెను లేపలేదు. ఇంటి ముందే కారులో చీకటి పడేదాకా కదలకుండా కూర్చున్నాడు.

పై సోమవారానికి ఆమె లేదు.

దినకర్మలు అయ్యాక ఒక గురువారం విరూపాక్షప్ప దర్గాకు వచ్చాడు. కారు వాగు గట్టు మీద ఆపి, అరుగు మీద కూర్చున్నాడు. తాత చాయ్ ఇచ్చాడు. విరూపాక్షప్ప గట్టు మీది కారు వైపు చూశాడు.

"అనుకున్నదానికన్నా తక్కువకే వచ్చింది తాతా."

తాత పక్కన కూర్చుని, భుజం మీది తువాలు తీసి ఇద్దరి మధ్యా పరిచి, దాని కింద చేయి పెట్టాడు. విరూపాక్షప్ప కూడా పెట్టాడు. తాత వేళ్లు ఒక్కొక్కటే తడుముకుంటూ వచ్చి చిటికెన వేలి దగ్గర ఆగాయి. అక్కడ ఉంగరం ఉంది. దాని లోపల దారం అలాగే ఉంది. ఆ దారం ఒత్తుకుని వేలు వాచింది.

"నొప్పి లేదా?"

"ఉంది."

"దారం విప్పితే సరిపోతాది."

"తెలుసు తాతా."

విరూపాక్షప్ప ముఖంలో ఏమీ కనబడలేదు.

"ఉండనీలే నాయనా" అన్నాడు తాత. తువాలు మాత్రం వెంటనే తీయలేదు.