గీత దాటిన బొంగరం

ఏమర్రా, తిరిగే బొంగరం తల ఎటు చూస్తుందో చెప్పండి చూద్దాం? "పైకి" అంటే సున్నా మార్కులే. కాస్త ఒరిగి, నెమ్మదిగా అన్ని దిక్కులూ చూసొస్తుంది. ఆకాశంలో ఒక నక్షత్రాల జంట ఉంది. అందులో ఒకటి రెండోదాని ఒంట్లోని వాయువును లాక్కుని మింగుతుంది. మింగలేనిది రెండు పక్కలా చిమ్ముతుంది. ఆ ధారలు కూడా బొంగరం తలలాగే దిక్కులు తిరుగుతాయి.

కొండ మీది అబ్జర్వేటరీలో చదువుకునే కౌముదికి ఆ ధారలతోనే తగువు. అవి ఎప్పుడు ఎటు తిరుగుతాయో లెక్క కట్టింది. ఈమధ్య చూసినవన్నీ లెక్కలో చక్కగా కూర్చున్నాయి. ఏనాడో ఆమె గురువు ఖలీల్ సార్, చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా కదలకుండా తీసిన కొలతలు మాత్రం కూర్చోలేదు. కొన్ని ముందు, కొన్ని వెనక. థీసిస్ గడువేమో ముంచుకొస్తోంది.

ఫైలు తెచ్చి బల్ల మీద ఠపీమని పడేసింది.

"విసుగొస్తోంది సార్! ఈ నక్షత్రానికి మాట నిలకడ లేదు. మీ పాత కొలతలు ఇదిగో, పెన్సిల్‌తో కొట్టేశాను. అప్పటి పరికరాలు అంతంత మాత్రమే కదా!"

సార్ నొచ్చుకోలేదు. సొరుగులోంచి బొంగరం తీసి, బల్ల మీది దీపం కింద తిప్పారు. ఆమె చేతికి సుద్దముక్క ఇచ్చారు.

"తల నీడ ఎందాకా వస్తుందో గీయమ్మా."

నీడ వెంబడే గుండ్రంగా గీసింది. కాసేపు నీడ గీత మీదే నడిచింది. తర్వాత బయటికి జరిగింది.

"బల్ల వాలుగా ఉంది సార్."

ఆయన కాగితం మడిచి బల్లకోడు కింద దోపారు. మళ్లీ తిప్పారు. నీడ మళ్లీ గీత దాటింది.

"ములుకు అరిగిపోయుంటుంది!"

కొత్త బొంగరం తీశారు. అదీ దాటింది.

"నేను సరిగ్గానే గీశాను సార్! మీ ముందే కదా గీశాను!" కౌముది సుద్దముక్క బల్ల మీద పడేసింది. "తిరగడం రాని బొంగరాలన్నీ మీ దగ్గరే చేరాయి!"

"పారేద్దామా మరి?"



సార్ చొక్కా చేతితో సుద్దగీత తుడిచేశారు. బొంగరం తిప్పారు.

"ఇప్పుడు చూడు."

అది ఒరిగి పడేదాకా కౌముది కన్నార్పలేదు. ఆ తర్వాత ఫైలు దగ్గరికి లాక్కుని, పెన్సిల్‌తో కొట్టేసిన పేజీ తీసింది.

"సార్, రబ్బరుందా?"

ఎందుకడిగిందో మీరు ఆలోచిస్తూ ఉండండి. అక్కడ వంటింట్లో చింతపండుకి సగం గింజలు తీయనేలేదు. నేను వెళ్తున్నా.