సంతకెళ్తే చెవులు వినపడని జువ్వగాడు

జరగండర్రా. నీలూ, నువ్వు గోడవైపు. గిరీ, నువ్విటు. కాళ్ళు కడుక్కునే ఎక్కారా మంచం? సరే. ఊఁ కొట్టేవాళ్ళకి కథ, కొట్టనివాళ్ళకి దోమలు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికి ముందరా వరిమళ్ళే, వెనకా వరిమళ్ళే, మళ్ళనిండా బాతులే. అక్కడ పెంచలమ్మ అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఓబయ్య అని ఒక కొడుకు, చెంగమ్మ అని ఒక కోడలు, ఒక మంద బాతులు. కోతలయ్యాక మళ్ళల్లో గింజలు రాలి ఉంటాయి గదా, నత్తలుంటాయి గదా, బాతులు అవి ఏరుకు తింటాయి. వాటిని ఈ మడి నుంచి ఆ మడికి తోలుకుపోవడం, పొద్దుగూకితే దొడ్లో వేసుకోవడం, గుడ్లు సంతలో అమ్ముకోవడం, అదీ వాళ్ళ బతుకు.

చెంగమ్మ నోట్లో నాలుక లేని పిల్ల. నలుగుర్లో మాట్లాడాలంటే కొంగు నోటికి అడ్డం వచ్చేస్తుంది. పుట్టిల్లు ఏటికి అవతల, ఎక్కడో. కాపురానికి పంపేటప్పుడు వాళ్ళ నాన్న సారె బుట్టల పక్కనే ఇంకో చిన్న బుట్ట పెట్టాడు. మూత తీస్తే ఏముందనుకున్నారు? అరిసెలు కాదే తిండిపోతా! కుక్కపిల్ల. గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి తోక కొస. వదిలితే తారాజువ్వలా రయ్యిమని పోతాడు, అందుకని జువ్వ అని పేరు పెట్టుకుంది. పుట్టింటి నుంచి వచ్చిన సారె అంతా పంచేశారు, తినేశారు. ఆమెకంటూ మిగిలింది వాడొక్కడే.

ఇంటి దగ్గర జువ్వగాడి బుద్ధి చూడాలి! కూచోరా అంటే కూచుంటాడు. ఆగరా అంటే ఆగుతాడు. రారా అంటే చెంగమ్మ కాళ్ళ దగ్గరుంటాడు. బాతుల్ని గుండ్రంగా తిరిగి మందలో పెడతాడు, ఒక్కదాన్నీ కరవడు. పెంచలమ్మ కూడా మురిసిపోయి, నా కోడలికంటే కోడలి కుక్కే నయం అనేది. పొగిడిందో తిట్టిందో ఆ పిల్లకి తెలిసేది కాదు పాపం.

ఊఁ అనండర్రా.

ఒకనాడు బాతుల్ని కాలవ అవతలి మళ్ళకి తోలాల్సి వచ్చింది. దారి సంత మధ్య నుంచే. ముందు ఓబయ్య గడ పట్టుకుని, వెనక పెంచలమ్మ, పక్కన చెంగమ్మా జువ్వగాడూ. సంతలోకి అడుగు పెట్టారో లేదో, అబ్బో! ఒకపక్క కోతినాడించేవాడి డప్పు, ఒకపక్క వేటమాంసం కొట్టు, ఇంకోపక్క వేడివేడి జంతికలు. జువ్వగాడు మాయం!

చెంగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రారా అంది. వాడు వినలేదు. ఓబయ్య గట్టిగా రారా అన్నాడు. వినలేదు. పెంచలమ్మ ఊరు దద్దరిల్లేలా అరిచింది. సంతలో ఉన్న ఊరకుక్కలన్నీ వచ్చాయి గానీ వాడు రాలేదు. ఈలోగా బాతులు చెల్లాచెదురు. ఒకటి గాజులవాళ్ళ గంపలో దూరింది, ఒకటి మజ్జిగ కుండలో దిగింది. మజ్జిగమ్మే ఆవిడ తిట్టిన తిట్లు నేను చెప్పను, మీ అమ్మ నన్ను కోప్పడుతుంది. ఒక బాతు బండిచక్రం కింద పడబోయి ఈకవాసిలో తప్పించుకుంది.

ఎలాగో బాతుల్ని ఏరి కాలవ దాటించారు. చివరికి కోతి ఆట అయిపోయాక జువ్వగాడు తోకాడించుకుంటూ వచ్చాడు. ఓబయ్య వాడి మెడకి తాడేసి, వీపున రెండు తగిలించి, ఇంటికి ఈడ్చుకుపోయాడు.

ఆ రాత్రి కంచం ముందు పెంచలమ్మ తేల్చి చెప్పేసింది.

"ఇంట్లో ఉంటే అంతా నువ్వే అంటాడు, సంతకెళ్తే నువ్వెవరో నేనెవరో అంటాడు. ఇట్టాంటివాడితో మందెట్టా తోలతామే? పెద్ద సంతనాడు బాతుల్ని మళ్ళీ ఇవతలికి తోలాలి. ఆ రోజు వింటే ఉంటాడు. వినకపోతే ఉప్పుబండివాడు అడుగుతున్నాడు, ఎక్కించేస్తా. సముద్రం ఒడ్డున ఉప్పుమళ్ళకి కాపలా ఉంటాడు."

చెంగమ్మ ముద్ద కంచంలోనే వదిలేసింది. కంచం కడిగి, పెరట్లో జువ్వగాణ్ణి పక్కన పెట్టుకుని కూచుంది.

మర్నాటి నుంచి వాణ్ణి దారిలో పెట్టబోయింది. వాకిట్లో విన్నవాడు వీధిలో వినలేదు. వీధిలో పిల్లి ఉంది మరి. పిల్లి పోయాక వీధిలో విన్నవాడు బావి దగ్గర వినలేదు. బావి దగ్గర పిల్లలున్నారు మరి. పిల్లలు పోయాక బావి దగ్గర విన్నవాడు గానుగ దగ్గర వినలేదు. గానుగ దగ్గర నూనె తీసిన చెక్క వాసన మరి. వీడికి చెవుల్లో ఏముందిరా దేవుడా అని దిగులు పడింది.

నిద్రపోయావా గిరీ? లేదా? అయితే ఊఁ ఏదీ?

ఒకరోజు చెంగమ్మ బావి దగ్గర కడవ దించుకుని, నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళతో కబుర్లలో పడింది. అందులో ఒకామెది తన పుట్టింటివైపు ఊరే. అక్కడి సంగతులు వింటుంటే ప్రాణం లేచొచ్చింది. అంతలో ఇంటివైపు నుంచి "చెంగమ్మా!" అని అత్తగారి కేక. వింది. చెవులు బాగానే ఉన్నాయి. కానీ విననట్టే ఊరుకుంది. "ఓ చెంగమ్మా!" రెండోసారీ ఊరుకుంది. మూడోసారికి ఇక తప్పదని కడవ ఎత్తుకుంది. వెళ్తే ఏముంది, అనుకున్నట్టే, చేతిలో రోకలి పెట్టింది అత్తగారు.

దంచుతూ ఉంటే వీధి గుమ్మం నుంచి ఓబయ్య, చెంగా, ముంజెలు తెచ్చా అని నెమ్మదిగా అన్నాడు. అంతే! రోకలి అక్కడ, చెంగమ్మ ఇక్కడ. ముంజె నోట్లో పెట్టుకున్నాక జువ్వగాడి వంక చూసింది. వాడు ఆమె వంక చూశాడు. కిసుక్కున నవ్వొచ్చింది.

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! నువ్వూ నేనూ ఒకటేరా" అంది.

నిజమే గదా. సంతలో వాణ్ణి రారా అని పిలిచింది ఎందుకు? తాడెయ్యడానికి, తన్నడానికి, ఆట మధ్యలో ఈడ్చుకుపోవడానికి. వాడికి వినపడక కాదు. వినపడింది, కానీ వెళ్తే రోకలేనని వాడికీ తెలుసు.

ఆ రోజు నుంచి చెంగమ్మ దారి మార్చింది. కొంగున ఎండుచేప ముక్కలు ముడేసుకుంది. వీధిలో వాడు పిల్లిని చూస్తుంటే, దూరం నుంచే, మెల్లిగా, రారా అంది. వాడొస్తే ముక్క పెట్టింది. పెట్టి కట్టెయ్యలేదు. పోరా, చూసుకో పో, అని మళ్ళీ వదిలింది. వాడు తెల్లబోయాడు! వీధి కుదిరాక బావి, బావి కుదిరాక గానుగ, గానుగ కుదిరాక సంత చివర, కోతి డప్పు లీలగా వినపడే చోటు. పిలవడం, పెట్టడం, వదలడం. ఎప్పుడో ఒకసారి మాత్రం ఇంటికి. ఊళ్ళో ఆడవాళ్ళు, ఏమే చెంగమ్మా, నీ కొంగు ఈ మధ్య కమ్మగా ఉందే, వెనకాల పిల్లులొస్తున్నాయి చూసుకో, అని ఆటపట్టించేవాళ్ళు. సిగ్గుతో చచ్చిపోయేది. ముడి మాత్రం విప్పలేదు.

వచ్చిందర్రా పెద్ద సంత. ఒక చివర ఉప్పుబండి ఎద్దులు నెమరేస్తూ నిలబడ్డాయి. చెంగమ్మ వాటిని చూసింది. అయినా అలవాటు తప్పకుండా సంత మొదట్లోనే జువ్వగాణ్ణి పిలిచింది, వచ్చాడు. ఉన్న చివరి ముక్క పెట్టింది. పోరా, కోతిని చూసుకో పో, అంది. పెంచలమ్మ నెత్తి కొట్టుకుంది. మందని దాటించేవేళ కుక్కని ఆటకి పంపుతావటే, నీకు మతుందా, అంది.

సరిగ్గా అప్పుడే ఎదురుగా రాజుగారు, ఏనుగు మీద! పక్క ఊరి తిరనాళ్ళకి పోతున్నారు. నిండు సంతలోకి రాగానే ఏనుగుకి చెరుకుబండి కనపడింది. మావటి ఆగు అన్నాడు. ఆగలేదు. రాజుగారు ఆగు అన్నారు. ఆయన మాట దేశమంతా వింటుంది, ఏనుగు వినలేదు. తొండం చాచుకుని చెరుకు వైపు గునగున నడిచింది. జనం ఇటూ అటూ పరుగు. నడిదారిలో బాతులు, బిక్కచచ్చి, ఏనుగు కాళ్ళకి ఎదురుగా!

చెంగమ్మ కొంగు తడుముకుంది. ఖాళీ. అందరూ అరుస్తున్నారు. తను అరవలేదు, అరవడం చాతకాదు. కొంగు మాత్రం నోటి మీద నుంచి తీసేసింది. రోజూ పిలిచినట్టే పిలిచింది.

"జువ్వా, రారా."

వాడు కోతిని చూశాడు. చెంగమ్మని చూశాడు. మళ్ళీ కోతిని చూశాడు. అప్పుడు తెల్లటి తోక కొస గిర్రున తిరిగింది. జనం కాళ్ళ సందుల్లోంచి రయ్యిమని వచ్చేశాడు! మంద చుట్టూ ఒక్క చుట్టు చుట్టాడు, ఇటొక బాతు, అటొక బాతు, అన్నిట్నీ ముద్దచేసి, గంపల వెనకనున్న సందులోకి తోసేశాడు. ఏనుగు వాటి పక్కనుంచే పోయి చెరుకు అందుకుంది. ఒక్క ఈక రాలలేదు.

పెట్టడానికి ఏమీ లేదు గదా, చెంగమ్మ నడిసంతలో దుమ్ములో చతికిలబడి వాణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. చెవుల వెనక గోకింది. మంద కాలవ ఇవతలికి చేరాక, పోరా, చూసుకో పో, అంది.

ఏనుగు కడుపు నిండి నెమ్మదించాక మావటి దాన్ని వాళ్ళ దగ్గరికే తోలుకొచ్చాడు. "అమ్మాయ్, ఆ కోతిని వదిలేసి ఎట్టా వచ్చాడు వాడు? నా ఏనుగుకి నేర్పుకుంటా, చెప్పు" అన్నాడు. రాజుగారు కూడా పైనుంచి వంగి చూస్తున్నారు. చెంగమ్మ మెడ వాలిపోయింది. మెల్లిగా అత్తగారి చెవిలో చెప్పింది. పెంచలమ్మకి సిగ్గేముంది, కొంగు దోపుకుని నలుగురికీ వినపడేలా అందుకుంది.

"ఏముందయ్యా, పిలిచినప్పుడల్లా పనికీ, కట్టెయ్యడానికీ, తిట్టడానికీ పిలిస్తే, ఎంత చెవులున్నా ఎవరొస్తారు? అప్పుడప్పుడూ ఊరికే పిలవాలి. ప్రేమగా ఇంత పెట్టి, మళ్ళీ ఆటకి..."

అని, ఆగిపోయింది. కోడలి వంక చూసింది. కోడలు నేల వంక చూసింది.

మావటి ఊరికే పిలిచి చెరుకు ముక్క పెట్టడం అప్పటికప్పుడే మొదలెట్టాడు. రాజుగారు పకపకా నవ్వారు. ఉప్పుబండి ఖాళీగా పోయింది, అంటే ఉప్పుతో పోయిందనుకోండి, జువ్వగాడు లేకుండా.

మర్నాడు పొద్దున చెంగమ్మ బావి దగ్గర కబుర్లలో ఉంది. "చెంగమ్మా!" అని కేక. కడవ ఎత్తబోయింది. చూస్తే అత్తగారే గట్టు దగ్గరికి వచ్చి ఉంది, చేతిలో ఆకు, ఆకులో పొగలు కక్కే పొంగణాలు.

"ఏం పనత్తా?" అంది చెంగమ్మ.

"ఏ పనీ లేదు. ఊరికే పిలిచా. తిని, ఇంకాసేపు కూచుని రా" అంది పెంచలమ్మ. అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఆవిడకీ సిగ్గుంటుందని చెంగమ్మకి అప్పుడే తెలిసింది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరు ఎవర్ని పిలిచినా మొదటి పిలుపుకే ఊఁ. అందుకే చెప్తున్నా, పిలుపులో కాస్త బెల్లం ఉండాలర్రా. ఎప్పుడూ రోకలే ఉంటే ఎవరికైనా చెవుడే వస్తుంది.

కథ కంచి దారి పట్టింది. బాతులు దొడ్లోకి, మీరు దుప్పట్లోకి. పొద్దున బడికి లేపేటప్పుడు ఒక్కసారే పిలుస్తా. సర్లే, బెల్లం ముక్క తలగడ కిందే పెట్టుకుంటాలే. పడుకోండి.