కంచె వెనక చెరువు

కళ్ళు మూస్తే చాలు, మీరావలికి ఎవరో ఒకరు నీళ్ళలోంచి పైకి వస్తూ కనిపించేవారు.

అతను గజ ఈతగాడు. కృష్ణలో మునిగిపోయినవాళ్ళను వెతికి ఒడ్డుకు చేర్చడం అతని పని. ఎంతోమందిని తీశాడు. కిందటి వేసవిలో మాత్రం, బురదనీళ్ళ అడుగున తడుముతుంటే ఒక ఆడమనిషి చెయ్యి అతని మణికట్టు మీద వాలింది. వేళ్ళు చుట్టుకున్నాయి. అది ప్రవాహం చేసిన పనేనని అతనికి తెలుసు. ఆమె పోయి అప్పటికే చాలాసేపైందనీ తెలుసు. అయినా ఒడ్డెక్కాక కూడా మణికట్టు మీద ఆ చల్లదనం పోలేదు. మళ్ళీ అతను నదిలో దిగలేదు.

ఆ సంగతి గురువు జమాల్ షాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆయన ఏటి ఒడ్డున మెరక మీద చిన్న దర్గాలో ఉండేవారు. కళ్ళు మూసుకుని అల్లా నామం తలుచుకోమన్నారు. మీరావలి కూర్చునేవాడు. కాసేపటికే చెవుల్లో నీళ్ళ హోరు మొదలయ్యేది. లేచి వచ్చేసేవాడు.

ఒకరోజు భార్య రజియా తన ఫోను అతని చేతిలో పెట్టింది. మిషను కుట్టి కుట్టి నడుం నొప్పెట్టినప్పుడు ఆమె ఆడుకునే ఆట అందులో ఉంది.

"ఊరికే పట్టుకోండి. ఇందులో గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు," అంది.

ఒక చిన్న దీవి. పసుపు బూట్లు వేసుకున్న బొమ్మ మనిషి. విత్తనం వేస్తే మొలక వస్తుంది, నీళ్ళు పోస్తే పెరుగుతుంది. పోయడం మరిచిపోయినా చావదు, అలాగే ఎదురుచూస్తుంది. ఒక పిల్లి వచ్చి గుమ్మంలో పడుకుంటుంది. వాన పడితే రేకుల మీద చినుకుల చప్పుడు. తొందరపెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఫోనులో ఆటలంటే పనిలేనివాళ్ళ గోల అని విసుక్కునే మనిషి, ఆ సాయంత్రం క్యారెట్లు పీకుతూ కూర్చుండిపోయాడు. బిగబట్టుకున్న భుజాలు ఎప్పుడు కిందికి దిగాయో తెలియలేదు. ఎన్నాళ్ళకో ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

అది మొదలు ఫోను వదల్లేదు.

అలా ఉండగా ఎగువ రేవులో పడవ తిరగబడింది. అందరూ ఈదుకుంటూ బయటపడ్డారు, శాంతమ్మ కూతురు రాహేలు తప్ప. మర్నాడు మధ్యాహ్నం కావస్తుండగా, ఆ పిల్లను వెతకమని అడగడానికి ఊరివాళ్ళు మీరావలి ఇంటికి వచ్చారు. అతను పెరటి దోవన బయటపడి, ఫోను పట్టుకుని నేరుగా దర్గాకు వెళ్ళాడు.

"బాబా, నేను తప్పు చేస్తున్నా. మీరిచ్చిన నామంలో దొరకని శాంతి నాకు ఈ ఆటలో దొరుకుతోంది."

జమాల్ షా కోప్పడలేదు. చెయ్యి చాపారు. "ఏదీ, చూపించు."

మిట్టమధ్యాహ్నం. గాలి లేదు. దర్గా మీది పచ్చజెండా వేలాడిపోయి ఉంది. కింద రేవులో పొద్దుటినుంచీ వినిపిస్తున్న శాంతమ్మ ఏడుపు ఆగిపోయింది. ఏడుపుకన్నా ఆ నిశ్శబ్దమే మీరావలిని ఎక్కువ భయపెట్టింది.

ముసలాయన వేలితో బొమ్మ మనిషిని మెల్లగా నడిపించారు.

"ఇవేంటి?"

"బీట్‌రూట్, బాబా."

"పిల్లి పేరు?"

"పెట్టలేదు."

"బాగుంది నీ తోట," అన్నారాయన. మనస్ఫూర్తిగానే అన్నారు. ఇంకా ముందుకు నడిపారు. పూలమొక్కలు అయిపోయాయి. ఎత్తైన కంచె అడ్డం వచ్చింది.

"ఇక్కడేముంది?"

"చెరువు."

"కంచె ఆటలోదేనా?"

మీరావలి తల దించుకున్నాడు. "నేనే వేశా."

ఆయన ఫోనును ఇద్దరి మధ్యా చాప మీద పెట్టారు. ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోకుండా వదిలేస్తే బొమ్మ మనిషి ఆవులిస్తాడు, లేకపోతే బూట్లు దులుపుకుంటాడు. ఈసారి అలా చేయలేదు. తనంతట తానే కంచెవైపు తిరిగి నిలబడ్డాడు. ఆటలో వెనక వినిపించే పాట సన్నగిల్లింది. కంచె సందుల్లోంచి నీళ్ళు కనిపిస్తున్నాయి. నీళ్ళ కింద నల్లగా, పొడుగ్గా ఏదో కదిలి, సరిగ్గా అతని ఎదురుగా వచ్చి ఆగింది.

మీరావలి మణికట్టు చల్లబడింది.

"ఆపేయండి, బాబా."

జమాల్ షా ఫోను చేతిలోకి తీసుకుని, కంచెలో ఒక కర్ర పీకేశారు. బొమ్మ మనిషి లోపలికి నడిచి గట్టు మీద కూర్చుని గాలం వేశాడు. నీడ దగ్గరికొచ్చింది. గాలం బెండు బుడుంగున మునిగింది. ఫోను ముసలాయన చేతిలో ప్రాణమున్నదానిలా వణికింది. దాన్ని శిష్యుడి ముందుకు చాపారు.

"లాగు."

"నా వల్ల కాదు."

"బేటా, ఆ రోజు ఆవిడ నిన్నెందుకు పట్టుకుందనుకున్నావు? ఒడ్డుకు చేర్చమనేగా."

ఫోను ఇంకా వణుకుతూనే ఉంది. మీరావలి వేలు దానంతటదే కదిలింది. నీళ్ళు చిమ్మాయి. బొమ్మ మనిషి ఒక లావుపాటి చేపను నెత్తిమీదికెత్తి పట్టుకున్నాడు.

మీరావలి దాన్ని మళ్ళీ నీళ్ళలోకి వదిలేశాడు. ఫోను గురువు చేతిలో పెట్టి, లేచి, రేవుకు దిగిపోయాడు.

నది లోపల మొదట పచ్చగా ఉంది, తర్వాత మట్టిరంగు, ఆ తర్వాత ఏ రంగూ లేదు. రాళ్ళు తడుముకుంటూ పోయాడు. వేళ్ళకు గుడ్డ తగిలింది. వెంటనే జుట్టు వచ్చి చేతికి చుట్టుకుంది, ముంజేతి దాకా. విదిలించుకోలేదు.

'వచ్చాను తల్లీ,' అనుకున్నాడు.

ఒడ్డున శాంతమ్మ కూతురి తలను ఒళ్ళోకి తీసుకుంది. కొంగు తడిపి ఆ మొహం మీది బురద తుడుస్తూ కూర్చుంది. మీరావలి అక్కడే నిలబడి, ఆమె తుడవడం అయ్యేదాకా చూశాడు.

అతను మెరకెక్కి వచ్చేసరికి ఎండ వాలుతోంది. ఒళ్ళంతా వణుకు. జమాల్ షా గుమ్మంలోనే ఉన్నారు. పొడి తువ్వాలు భుజాల చుట్టూ కప్పి, ఫోను అతని చేతిలో పెట్టారు. ఆటలో వాన పడుతోంది.

"మరి నామం, బాబా?" అన్నాడు మీరావలి, పళ్ళు టకటకలాడుతుంటే.

"ముందు ఒళ్ళు ఆరనీ," అన్నారాయన. "అందాకా తోటలో కూర్చో."